బెన్ స్కోరా మీద రెండో రాళ్ళకుప్ప

మా బావ లాక్లన్‌కి ఇంకా నాలుగు కొండలే మిగిలాయి. ఆయన లెక్కలో నాలుగు. నా లెక్కలో అయిదు. ఆ ఒక్క కొండ తేడా ఎక్కడొచ్చిందో ఆయనకి తెలీదు. నాకు తెలుసు. పందొమ్మిదేళ్ళుగా తెలుసు.

మా స్కాట్లండ్‌లో మూడువేల అడుగులు దాటిన కొండని మన్రో అంటాం. మొత్తం రెండువందల ఎనభై రెండు. అవన్నీ ఎక్కెయ్యాలని పిచ్చి పట్టినవాడు ఊరికొకడైనా ఉంటాడు. మా ఊళ్ళో ఆ ఒక్కడూ ఏరికోరి మా అక్క ఊనాకి మొగుడయ్యాడు. ముప్ఫై నాలుగేళ్ళు పోస్టు వ్యాను నడిపాడు. సెలవు దొరికితే చాలు కొండ, వెంట నేను. అక్కకి కొండలంటే తలనొప్పి. "నువ్వెళ్ళవే మార్సలీ, ఆయన ఎక్కడైనా పడితే చెప్పడానికి ఒక మనిషుండాలి కదా" అనేది. అలా వెళ్ళీ వెళ్ళీ నా మోకాళ్ళు అరిగాయి, ఆయన కొండల పుస్తకం నిండింది.

శిఖరం మీద రాళ్ళకుప్ప ఉంటుంది. దాన్ని చేత్తో ముట్టుకుంటేనే కొండ ఎక్కినట్టు. పది అడుగుల దూరంలో నిలబడి చూసొస్తే ఎక్కనట్టే. బావ ప్రతి కుప్పనీ అరచెయ్యి ఆనించి ముట్టుకుంటాడు, ఆ తర్వాత పుస్తకం తీసి టిక్కు పెడతాడు. ఎక్కిన కొండని మళ్ళీ ఎక్కడు. దండగంటాడు.

పోయిన జనవరిలో ఆయన డ్రైవింగ్ లైసెన్సు తీసేసుకున్నారు. కళ్ళు. చూపు మధ్యలో ఒక మరక పడింది, అది పెరుగుతోంది. ఎదురుగా ఉన్న మనిషి చెవులు కనిపిస్తాయి, మొహం కనిపించదు. వేసవికల్లా ఇంకా మసకబారుతుందని డాక్టరమ్మ చెప్పేసింది. ఆ రోజు ఇంటికొచ్చి మా అక్క గిన్నెలన్నీ తోమింది, తోమినవే మళ్ళీ తోమింది. తర్వాత ఒక మాట అంది. "మిగిలిన నాలుగూ ఒక్క రోజులో ఎక్కెయ్యి లాక్లన్. ఒక్క రోజు ఇస్తాను. ఆ తర్వాత కొండల పేరెత్తితే నేను మా చెల్లెలింటికి పోతాను."

"మీ చెల్లెలు నాతోనే కొండ మీదుంటుందిగా" అన్నాడు బావ.

ఆ ఒక్క రోజూ మార్చి ఆఖరి శనివారం. వారం ముందువరకూ గడ్డి పచ్చగా మొలిచి, గొర్రెలు ఈని, వసంతం వచ్చేసిందని అందరం కోట్లు లోపల పెట్టేశాం. గురువారం రాత్రి మంచు కురిసింది. శుక్రవారం పగలంతా కురిసింది. రోడ్డు మీదే జానెడు ఉంటే కొండ మీద ఎంతుంటుందో చెప్పక్కర్లేదు. వాయిదా వేద్దామని నేను ఎంత గీపెట్టినా వినలేదు. పై శనివారానికి అక్క మనసు మారొచ్చు, కళ్ళు మారొచ్చు అన్నాడు. లోపల పెట్టేసిన కోటు మళ్ళీ బయటికి తీశాను.

ఆరున్నరకి అక్క మమ్మల్ని రోడ్డు చివర దింపింది. వెనక సీట్లో రేకు డబ్బాలో ఎండుద్రాక్షల కేకుంది. దాని మీద తెల్ల చక్కెరతో 282 అని రాసింది. రాత్రి ఒంటిగంట దాకా కూర్చుని రాసిందట. మూత తీసి నాకు చూపించింది. "బాగుందా?" అంది. బాగుంది అన్నాను. మూత నేనే పెట్టేశాను.

ఇంక ఆ అయిదో కొండ సంగతి చెప్పాలి. నా నోటితో నేనే చెప్పుకోవాలి, ఏం చేస్తాం.

దాని పేరు బెన్ స్కోరా. ఇవాళ్టి నాలుగు కొండల పక్కనే ఉంది. పందొమ్మిదేళ్ళ కింద, అక్టోబరులో, వాన, పొగమంచు. బావ కళ్ళద్దాల నిండా నీళ్ళు, మ్యాపూ కంపాసూ నా చేతిలో. బూట్లలో నీళ్ళు పిండుకోవచ్చు. ఆ సాయంత్రం ఊరి హాల్లో డాన్సు. పశువుల డాక్టరు దగ్గర పనిచేసే ఆర్చీ అనే అతను నాతో ఆడతానని మాటిచ్చాడు. నాకు ముప్ఫై ఎనిమిదేళ్ళు, అలాంటి మాటలు రోజూ ఏమీ రావడం లేదు. రాళ్ళకుప్ప దగ్గరికి చేరాం. బావ "ఇదేనా?" అని అడిగాడు. స్కోరా మీద రెండు కుప్పలున్నాయి, అసలు శిఖరం ఇంకో పావు మైలు ముందు ఉంది. అది మ్యాపులో ఉంది, మ్యాపు నా చేతిలో ఉంది. "ఇదే" అన్నాను. ఆయన అరచెయ్యి ఆనించి, పుస్తకంలో టిక్కు పెట్టుకున్నాడు. మేం దిగిపోయాం. ఆర్చీ డాన్సుకి రాలేదు.

తర్వాత చెబుదామనుకున్నాను. అప్పటికాయనకి తొంభై ఎనిమిదే అయ్యాయి, ఈయన మొత్తం ఎక్కిచచ్చేదెప్పుడులే అనుకున్నాను. నూట యాభై అయినప్పుడు చెప్పాలనుకున్నాను. రెండువందలప్పుడు పబ్బులో అందరికీ మందు పోయించాడు, ఆ సంబరం పాడు చెయ్యడం ఎందుకని ఊరుకున్నాను. ఇలా ఊరుకుని ఊరుకుని ఇవాళ్టికి తెచ్చిపెట్టుకున్నాను.

మొదటి కొండకే మూడు గంటలు పట్టింది. పైన పొర గట్టిగా ఉన్నట్టే ఉంటుంది, అడుగు వేస్తే ఆగుతుంది, బరువు మోపగానే భళ్ళున విరిగి తొడదాకా దిగబడుతుంది. కాలు పీక్కోవాలి, ఇంకో కాలు వెయ్యాలి, మళ్ళీ దిగబడాలి. ముందు నేను నడుస్తున్నాను, నా అడుగుల గుంటల్లో బావ అడుగులేస్తున్నాడు. తల కొంచెం పక్కకి తిప్పి నడుస్తున్నాడు, కంటి చివర్నుంచి చూస్తేనే ఆయనకి గుంట కనిపిస్తుంది.

"ఏమే, గుంటలు మరీ దగ్గర దగ్గరగా వేస్తున్నావు. నేనేమన్నా కోడినా?" అన్నాడు వెనకనించి.

"నీకు గుంటలు తవ్వడానికే పుట్టాను కదా. దూరంగా కావాలంటే నువ్వు ముందు నడు."

"నేను ముందు నడిస్తే ఇద్దరం చెరువులో తేలుతాం."

ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. మోకాలు సలుపుతోంది, చేతి తొడుగు తడిసిపోయింది, ముక్కు కారుతోంది. దాని మీద ఎలా మొదలుపెట్టాలో తెలీని ఆ మాటొకటి. మొదటి కుప్ప ముట్టుకున్నాడు. రెండువందల డెబ్బై తొమ్మిది. రెండోది పదకొండుకి ముట్టుకున్నాడు. మూడోదానికి వెళ్ళే సన్నటి కొండ వెన్ను మీద గాలి మొహం మీద ఇసక కొట్టినట్టు మంచురవ్వలు కొట్టింది. అక్కడ ఒకసారి నడుందాకా దిగబడి, బయటికి రాలేక, ఛీ ఛీ ఎందుకొచ్చిన బతుకని గట్టిగానే అన్నాను.

"పళ్ళు కొరక్కు, అరిగిపోతాయి" అన్నాడు బావ, మంచుగొడ్డలి పిడి అందిస్తూ. "ఇవాళేంటి ఉదయంనించీ చిరచిరలాడుతున్నావు? రాత్రి నిద్ర పట్టలేదా?"

"పందొమ్మిదేళ్ళుగా పట్టడం లేదు" అందామనుకున్నాను. "మోకాలు" అన్నాను.

మూడో కొండ అయ్యాక దిగితే కనుమ వస్తుంది. అక్కడ దారి మూడుగా చీలుతుంది. కుడికి వెళితే కార్న్ ఎల్లిక్, ఈయనగారి ఆఖరి కొండ. కిందికి దిగితే రోడ్డు, అక్క, కేకు. ఎడమకి వెళితే స్కోరా. కనుమకి వచ్చేసరికి పన్నెండు ముప్పావు అయింది. ఎండొచ్చింది. స్కోరా తెల్లగా, నున్నగా, నన్ను చూసి వెక్కిరిస్తున్నట్టు నిలబడింది. బండరాయి చాటున కూర్చుని ఓట్స్ బిళ్ళలూ చీజూ తిన్నాం. ఇక్కడ చెప్పెయ్యాలి. ఇక్కడ చెబితే టైముంది, వెలుతురుంది. ముందు స్కోరా, తర్వాత ఎల్లిక్, ఏడున్నరకల్లా రోడ్డు.

"బావా, వాతావరణం బాగుంది. స్కోరా మీదికి కూడా ఒకసారి పోయొద్దామా?"

ఆయన నమలడం ఆపాడు. "ఏ స్కోరా?"

"ఎన్ని స్కోరాలున్నాయి? అదిగో, అదే."

"అది ఎక్కేశాంగా."

"ఆ రోజు వాన. ఏమీ కనిపించలేదు. ఇవాళ ఎంత బాగుందో చూడు."

"నాకు చూడ్డానికి బాగుండటమేంటే?" అన్నాడు, ఓట్స్ పొడి దులుపుకుంటూ. "తొడదాకా దిగబడుతూ, అయిపోయిన కొండ మీదికి రెండు గంటలు! మంచు తలకెక్కిందా నీకు? ఇవాళ నాలుగు కొండలే వద్దు మొర్రో అన్నదానివి, ఇప్పుడు అయిదోది కావాలా?"

"సరదాగా అన్నాను."

"నీ మొహంలో సరదా కనిపించడం లేదు. నిజానికి నీ మొహమే కనిపించడం లేదనుకో."

అదే, అదీ ఆయనతో వచ్చిన చావు. అలాంటి మాటలంటాడు. నోటిదాకా వచ్చింది వచ్చినట్టే లోపలికి పోయింది. ఎల్లిక్ ఎక్కి మళ్ళీ ఈ కనుమకే రావాలి కదా, అప్పుడు చెబుదాంలే అనుకున్నాను. పందొమ్మిదేళ్ళూ నేను చేసింది ఆ పనే. నన్ను నేనే చెంప మీద కొట్టుకోవాలనిపించింది. చేతి తొడుగు తడిగా ఉంది కాబట్టి ఊరుకున్నాను.

ఎల్లిక్ ఆఖరి వాలు గట్టి మంచు. బూట్లకి ఇనప ముళ్ళ పట్టీలు కట్టుకున్నాం. ఆయన పట్టీలు నేనే బిగించాను, వంగి, ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని. "మీ అక్క కూడా ఇంత బాగా చూసుకోదు నన్ను" అన్నాడు. "నోరు మూసుకో" అన్నాను. మామూలుగా అయితే దానికి ఇంకో నాలుగు మాటలు కలిపేదాన్ని. పైకి ఎక్కుతున్నంతసేపూ ఆయన ఈల వేస్తూనే ఉన్నాడు. అరవై ఆరేళ్ళ మనిషి, రెండు గంటలకి నాలుగో కొండ మీద, ఈల.

రెండుంబావుకి చేరాం. రాళ్ళకుప్ప నిండా మంచు ఈకల్లా అతుక్కుని ఉంది. బావ ముందు తొడుగు తీశాడు. ఒట్టి అరచెయ్యి ఆ మంచు మీద పెట్టి, కళ్ళు మూసుకుని, చాలాసేపు అలాగే ఉంచాడు. నేను పక్కకి తిరిగాను.

తర్వాత ఫోను తీశాడు. "ఊనా! అయిపోయింది!" అని అరిచాడు. అవతల మా అక్క ఏడుస్తోందని నాకు వినిపిస్తూనే ఉంది. కొండలంటే గిట్టని మా అక్క. "ఏడవకే పిచ్చిదానా, వస్తున్నాను, కేకు కొయ్యకు" అన్నాడు. తర్వాత జేబులోంచి చిన్న సీసా తీసి, మూతలో విస్కీ పోశాడు. ఆఖరి కొండ మీద తాగడానికని పదకొండేళ్ళుగా దాచిన సీసా అది. మూత నాకు ఇవ్వబోయి ఆగాడు.

"ముందు టిక్కు. ఇదిగో పుస్తకం. ఆ పేజీలో గీతలు నాకు కనిపించి చావడం లేదు. నువ్వే రాయి. రెండువందల ఎనభై రెండు అని రాసి, కింద గీత గీయి."

పెన్సిలు తీసుకున్నాను. పేజీ తెరిచాను. కార్న్ ఎల్లిక్ పేరు పక్కన ఖాళీ గడి. దానికి మూడు వరసల పైన బెన్ స్కోరా, ఆ పక్కన అప్పటి ఆయన రాత, నిటారుగా, శుభ్రంగా, టిక్కు, తేదీ. అది ఆయన చేతిరాత. ఇప్పుడు నా చేత్తో రాయమంటున్నాడు.

"రాశావా?"

"రాయలేను బావా."

"పెన్సిలు విరిగిందా?"

"స్కోరా అవ్వలేదు."

ఆయనకి అర్థం కాలేదు. రెండోసారి చెప్పాను. మూడోసారి మొత్తం చెప్పాను. వాన, రెండు కుప్పలు, పావు మైలు, హాల్లో డాన్సు, ఆర్చీ. ఆర్చీ పేరు చెప్పేసరికి సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. "నాకు తెలుసు. అప్పుడే తెలుసు. తెలిసే ఇదే అన్నాను" అన్నాను.

బావ మూతలో ఉన్న విస్కీని తిరిగి సీసాలో పొయ్యడం మొదలుపెట్టాడు. సీసా మూతి ఆయనకి కనిపించదు. సగం వేళ్ళ మీద పడింది. సాయం చేద్దామని చెయ్యి చాపాను. "ముట్టుకోకు" అన్నాడు. అంతసేపటిలో ఆయన గొంతు పెరిగింది ఆ ఒక్క మాట దగ్గరే.

సీసా జేబులో పెట్టుకున్నాక అడిగాడు. "కనుమ దగ్గర అందుకేనా స్కోరా, స్కోరా అన్నావు?"

"అవును."

"అప్పుడెందుకు చెప్పలేదే? అప్పుడు ఎండుంది!"

నిజంగానే అప్పుడు ఎండుంది. ఇప్పుడు పడమటినించి మబ్బు దిగుతోంది. బావ మంచుగొడ్డలి తీసుకుని, నాకోసం ఆగకుండా, వచ్చిన అడుగుల్లోనే కిందికి దిగడం మొదలుపెట్టాడు. తల పక్కకి తిప్పి, తూలుకుంటూ. నేను వెనకాల పరిగెత్తినట్టే దిగాను. కనుమలో ఆయన కిందికి తిరగలేదు. ఎడమకి తిరిగాడు.

"బావా, వద్దు. నాలుగవుతోంది. మబ్బు చూడు."

"నాకు మబ్బులూ లేవు, ఎండా లేదు. ముందు నడు. గుంటలు తవ్వు."

"అక్క చంపేస్తుంది."

"మీ అక్కకి అయిపోయిందని చెప్పాను. ఫోను చేసి, అరిచి మరీ చెప్పాను. నా చేత అబద్ధం చెప్పించావు. నడు!"

గుంటలు తవ్వుకుంటూ నడిచాను. సగం దారిలో మబ్బు మమ్మల్ని కప్పేసింది. నేల తెలుపు, ఆకాశం తెలుపు, మధ్యలో నా బూట్లు. ఏది ఎత్తో ఏది పల్లమో నా మంచి కళ్ళకే తెలియడం లేదు. రెండుసార్లు లేని మెట్టు మీద కాలు పెట్టి పడ్డాను. బావ నా బ్యాగు పట్టీ పట్టుకుని నడుస్తున్నాడు. కోపంలో ఉన్నా, పట్టీ మాత్రం వదల్లేదు.

ఒక గంట తర్వాత రాళ్ళకుప్ప ఎదురొచ్చింది. నల్లగా, సగం మంచులో. చూడగానే గుర్తుపట్టాను. పందొమ్మిదేళ్ళలో ఒక్క రాయి పెరగలేదు, ఒక్క రాయి తరగలేదు.

బావ దాన్ని తడిమాడు. తొడుగు తీశాడు. అరచెయ్యి పెట్టబోయి ఆగి, మొహం నావైపు తిప్పాడు. నా చెవి వైపో, భుజం వైపో.

"ఇదేనా?"

దేవుడా. అదే మాట. అదే చోట.

నేను ముందుకి చూశాను. అసలు కుప్పకి వెళ్ళే వెన్ను ఎడమపక్కన, అంచు మీదనించి మంచు ఇంటి చూరులా గాల్లోకి వేలాడుతుంది. దాని మీద కాలు పెడితే చూరుతో సహా ఆరువందల అడుగులు కిందికి. ఆ చూరు ఎక్కడ మొదలవుతుందో ఈ తెలుపులో నాకు కనిపించడం లేదు. ఆయనకి అసలే కనిపించదు. ఆయన చేత ఆ పావు మైలు నడిపించలేను. నడవొద్దంటే వినడు. ఇదే అంటే చాలు. చెయ్యి ఆనిస్తాడు, విస్కీ తాగుతాడు, నన్ను తిడతాడు, క్షమిస్తాడు, కేకు తింటాడు. ఈ జన్మలో ఇంక తెలీదు. ఇప్పుడు ఇదే అంటే అది డాన్సు కోసం కాదు, ఆయన ప్రాణం కోసం. అంతకంటే మంచి అబద్ధం దొరుకుతుందా?

నోరు తెరిచాను. నా కళ్ళల్లోంచి నీళ్ళు కారి చెంపల మీదే గడ్డ కడుతున్నాయి.

"కాదు బావా. ఇది కాదు."

"ఇంకెంత దూరం?"

"పావు మైలు. ఎడమపక్క మంచుచూరు. అంచెక్కడో నాకు తెలియడం లేదు. నీ కాళ్ళు పట్టుకుంటాను, ముందుకి పోవద్దు. పోతానంటే నన్ను తోసేసి పో."

గాలి మా ఇద్దరి మధ్యనించీ మంచు తోసుకుపోతోంది. ఆయన పెదవులు నీలంగా ఉన్నాయి. నన్ను తోసేస్తాడేమోనని నిజంగానే కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డాను.

"ఇదే అని చెప్పేసినా నాకు తెలిసేది కాదు" అన్నాడు చివరికి.

"తెలిసేది కాదు."

"మరి ఇదే అని ఎందుకు అనలేదు?"

"నాకు చేతకాలేదు బావా. ఇంకోసారి చేతకాలేదు, అంతే. తిట్టు, కొట్టు, ఏదో ఒకటి చెయ్యి, చలేస్తోంది."

ఆయన ఆ కుప్పకి అరచెయ్యి ఆనించలేదు. తొడుగు మళ్ళీ వేసుకున్నాడు. ఒక్కొక్క వేలే దూర్చి, నెమ్మదిగా. "పద కిందికి" అన్నాడు. నా బ్యాగు పట్టీ పట్టుకున్నాడు. దిగుతున్నంతసేపూ తిట్టాడు. నన్ను తిట్టాడు, ఆర్చీని తిట్టాడు, వాడి వంశాన్ని తిట్టాడు, మంచుని తిట్టాడు, తన కళ్ళని తిట్టాడు. కళ్ళని తిట్టడం నేనెప్పుడూ వినలేదు. అంతవరకూ వాటి మీద జోకులే వేసేవాడు.

ఏడున్నరకి రోడ్డు మీదికొచ్చాం. ఇంకా కాస్త వెలుతురుంది. అక్క కారు దిగి నిలబడి ఉంది, కోటు మీద శాలువా, చేతిలో రేకు డబ్బా, మొహం పాలిపోయి.

"రెండుంబావుకి అయిపోయిందన్నావు! ఇప్పుడా రావడం? ఎక్కడ చచ్చారిద్దరూ? పోలీసులకి ఫోను చెయ్యబోతున్నాను!" అని ఆయన్ని రెండు చేతులా పట్టుకుంది. పట్టుకుని వదల్లేదు. "సరేలే. అయిపోయింది కదా. ఇంక ఈ గొడవ వదిలింది."

"వదల్లేదు ఊనా. ఇంకొకటి మిగిలింది. లెక్క తప్పింది" అన్నాడు బావ.

లెక్క తప్పిందట. నా పేరు ఎత్తకుండా దాటించేద్దామని చూస్తున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "లెక్కేం తప్పలేదక్కా. నేను అబద్ధం చెప్పాను" అని, రోడ్డు మీదే, వణుకుతూ, రెండోసారి మొత్తం చెప్పాను.

అక్క ఆసాంతం విని, "ఆర్చీనా?" అంది. "ఆ పళ్ళెత్తువాడి కోసమా? దానికంటే గొర్రెతో ఆడినా నయం కదే!" తర్వాత మొహం ముడుచుకుపోయింది. బావవైపు తిరిగింది. "ఒక్క రోజు ఇస్తానన్నాను. ఇచ్చాను. మే నెలకి మంచు కరుగుతుంది, నిజమే. అప్పటికి నీ కళ్ళ సంగతేంటి? రాళ్ళకుప్ప నీ ముందున్నా అది ఏ కుప్పో నీకెలా తెలుస్తుంది లాక్లన్?"

బావ నా వైపు చెయ్యి చాపాడు. గాల్లో వెతికితే నా భుజం దొరికింది. గట్టిగానే పట్టుకున్నాడు, నొప్పెట్టేలా. కోపం ఇంకా తగ్గలేదు.

"దీని భుజం పట్టుకుని వెళతాను. ఇది ఆపిన చోట ఆగుతాను. ఇదే అంటే, చెయ్యి పెడతాను."

"దీని మాట నమ్మి?" అంది అక్క.

"దీని మాట నమ్మే."

నేను ఏదో అనబోయాను. నా మోకాలి గురించో, మే నెలలో కుట్టే చిన్న దోమల గురించో, ఏదో ఒకటి. ఈలోపు అక్క మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, కారు ముందు భాగం మీద డబ్బా పెట్టి, మూత తీసింది. కేకు మీద 282 తెల్లగా ఉంది.

"ఆ చివరి రెండు చెరిపి ఒకటి చెయ్యవే" అన్నాడు బావ నాతో. "నాకు కనిపించదు."

తొడుగు తీసి, బొటనవేలితో ఆ రెండుని చెరిపి, మిగిలిన చక్కెరతో ఒకటి గీశాను. వంకరగా వచ్చింది. వేలు నాక్కోవడానికి మనసు రాలేదు, కోటుకి తుడిచేసుకున్నాను.